గడ్డం తియ్యని మేజరు

“మా సినిమాలో ప్రతి గుండీ ఒరిజినలే!”

విన్నారుగా? ఎన్నోసారి వింటున్నారు? లెక్కపెట్టడం ఎప్పుడో మానేసి ఉంటారు. యుద్ధం సినిమా విడుదల దగ్గరపడిందంటే ఈ మాట లేకుండా ఫంక్షను జరగదు. దర్శకుడు మైకు పట్టుకుంటాడు. గొంతు పూడుకుపోతుంది. రెండేళ్లు రీసెర్చి చేశామంటాడు. బెల్టు బకిల్ దగ్గర్నుంచి బూటు లేసు దాకా అచ్చం సైన్యంలో ఉన్నట్టే ఉంటుందంటాడు. వెనక ఎల్‌ఈడీ తెర మీద హీరో. ఆలివ్ గ్రీన్ యూనిఫాం. భుజం మీద మూడు సింహాల గుర్తు, అంటే మేజరు. వెనకాల సైనికుల వరుస. పెరేడ్ గ్రౌండు. జెండా.

మొహం నిండా గుబురు గడ్డం.

భారత సైన్యంలో గడ్డానికి సిక్కులకు తప్ప మామూలుగా అనుమతి లేదు. నౌకాదళంలో అయితే అడిగి పెంచుకోవచ్చు. కశ్మీరు కొండల్లో రహస్యంగా తిరిగే కమాండోలకు కొంత సడలింపు ఉంటుంది. మన మేజరుగారు సిక్కు కాడు. నావికుడూ కాడు. రహస్యమా? అరవై అడుగుల కటౌట్‌లో నిలబడ్డవాడికి రహస్యమేంటి? మరి ఆ గడ్డం ఏ రెజిమెంటుది సార్?

అసిస్టెంటు డైరెక్టరు కుర్రాడొకడు నా చెవిలో ఊదాడు. “నెక్స్ట్ సినిమా కంటిన్యుటీ అండీ. ఆ గడ్డం మీద ఇంకో నిర్మాత అడ్వాన్సు ఇచ్చి ఉన్నాడు.”

అదీ సంగతి. గుండీ ఒరిజినలే. గుండీ పైనున్న తలకాయే వేరే సినిమాది.

పోనీ, సెల్యూటైనా సరిగ్గా కొడతాడా? సైన్యంలో అరచెయ్యి ఎదుటివాడికి కనిపించాలి. నౌకాదళంలో అరచెయ్యి నేలకేసి ఉండాలి. ఓడ పనిలో చేతికంటిన తారు, గ్రీజు పై అధికారికి కనబడకుండా అలా మొదలైందని చెబుతారు. వైమానిక దళానిది ఈ రెంటికీ మధ్యలో, నలభై ఐదు డిగ్రీల ఏటవాలు. 2006లో మార్చుకున్నారు. మూడు దళాలు, మూడు సెల్యూట్లు. ఒక్క పూటలో నేర్చుకునే విద్య. మన మేజరుగారు మూడూ కలిపి నాలుగోది కనిపెట్టాడు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని బస్సు కోసం చూస్తున్నట్టుంటుంది.

పతకాల సంగతి ఇంకా రంజు. 2016లో హిందీలో ‘రుస్తుం’ వచ్చింది. కథ 1959 నాటిది. నౌకాదళ అధికారి ఛాతీ మీద రంగురంగుల రిబ్బన్లు. తీరా చూస్తే అందులో 1999 కార్గిల్ నాటి రిబ్బను కూడా ఉందని సైనికాధికారులే పట్టుకున్నారు. నలభై ఏళ్ల తర్వాత జరగబోయే యుద్ధానికి ముందే పతకం పుచ్చుకున్న మహానుభావుడు! ఆ యూనిఫాంనే 2018లో మంచిపని కోసమంటూ వేలానికి పెట్టారు. సినిమాలో వేసుకున్న దుస్తుల్ని యూనిఫాం పేరుతో ఎలా అమ్ముతారని అధికారులు మండిపడ్డారు. తెర మీద ఉన్నంతసేపూ ఒరిజినల్. ఎవరైనా నిలదీస్తే సినిమా బట్టలు. భలే సౌకర్యం కదూ?

ఇంతకీ ఈ ‘ఒరిజినల్’ ఎక్కడ పుడుతుంది? అది చూద్దామని హైదరాబాదు కృష్ణానగర్ వెనక సందుల్లోకి వెళ్లాను. సందు చివర రేకుల షెడ్డు. లోపల అడుగుపెడితే ఫైబర్ వాసన కళ్లల్లోకి కొడుతుంది. గోడకు గదలు, కిరీటాలు, శివలింగం, అంబులెన్సు సైరను, తెగిపడ్డ తలలు రెండు. మూలన వెదురు బుట్టలో తుపాకులు. గొడుగులు పెట్టినట్టు నిలబెట్టి ఉన్నాయి.

షెడ్డు పెద్దాయన ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. ఒక్కోటీ తీసి చూపించాడు. “గిది ఉర్కెటందుకు. గిది పడెటందుకు. గిది మొకం కాడ పెట్టుకునెటందుకు.”

ఉరికేందుకు ఫైబరుది. వెనక వరుసలో పరుగెత్తే వందమందికి అదే. పడేందుకు రబ్బరుది. గుట్ట మీంచి దొర్లినా పక్కటెముకలు విరగవు. మొహం దగ్గర పెట్టుకునేది లోహంది. కెమెరా దగ్గరికి వస్తే అదొక్కటే ఆనుతుంది. అది హీరోది. మిగతావి మిగతావాళ్లవి. తుపాకుల్లో కూడా కులాలున్నాయండీ.

పెద్దాయన చేతిలో ఆ రోజు ఒక ఇన్సాస్ రైఫిల్ నమూనా ఉంది. ఉప్పు కాగితంతో రుద్దుతున్నాడు. అంతా కాదు. చెయ్యి ఆనే చోట, బెల్టు రాసుకునే చోట, బోల్టు వెనక్కి లాగే పిడి దగ్గర. అక్కడ నలుపు పోయి కింద వెండి రంగు కొంచెం బయటపడాలి. “కొత్తది కెమెరాకు బొమ్మలెక్క కొడ్తది సార్. మనిషి చేతుల నలిగినట్టు ఉండాలె.” భుజానికి తగిలించే పట్టీని చాయ్ డికాషన్‌లో నానబెట్టి ఆరేశాడు. సందులు సందుల్లో ముల్తానీ మట్టి కూరాడు. తర్వాత రైఫిల్ నా చేతిలో పెట్టాడు. చెయ్యి కిందికి జారింది.

“లోపట ఇనుప సీకు పెట్టిన. అసలుది నాలుగు కిలోల పైన ఉంటది. గంత బరువు లేకపోతే చెయ్యి వంగదు. చెయ్యి వంగకపోతే అబద్ధమని తెలిసిపోతది.”

చూశారా? ప్రతి గుండీ ఒరిజినల్ అన్న పెద్దమనిషి స్టేజీ మీదున్నాడు. నిజంగా ఒరిజినల్ అంటే ఏంటో తెలిసినవాడు రేకుల షెడ్డులో ఉన్నాడు. ఆయనకు ఫంక్షను పాసు రాలేదు. అడగనూ లేదనుకోండి.

మర్నాడు పెద్దాయనకు మేనేజరు ఫోను. “బాబాయ్, హీరోగారికి భుజం నొప్పంట. ఆ ఇనుప ముక్కేదో పీకెయ్. బరువుగా ఉందంటున్నారు.” పీకేశాడు. సినిమాలో చూస్తారు మీరే. మేజరుగారు నాలుగు కిలోల రైఫిల్ని ఒంటిచేత్తో ఊపుకుంటూ గుట్ట ఎక్కుతుంటాడు. తాంబూలాల కవరు పట్టుకుని పెళ్లి నుంచి వస్తున్నట్టు.

ఇక ట్యాంకు. దాని కింద ట్రాక్టరు ఉంటుంది. చుట్టూ ప్లైవుడ్డు, పైన ఫైబరు, ముందు ప్లాస్టిక్ పైపు. దూరం నుంచి చూస్తే ట్యాంకే. దగ్గరికొస్తే ట్రాక్టరు మోత. ఎకరం దున్ని వస్తున్నట్టుంటుంది. హైదరాబాదు నుంచి గంటన్నర పోతే సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం వస్తుంది. అక్కడి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి అసలు సిసలు సాయుధ శకటాలు, ‘సారథ్’ వాహనాలు తయారవుతాయి. అసలుది అంత దగ్గర. ఒక్క రోజు వెళ్లి గేటు బయటైనా నిలబడి చూసొచ్చిన ఆర్ట్ డిపార్ట్‌మెంట్లు ఎన్ని? రెండేళ్ల రీసెర్చి అంతా సెల్‌ఫోన్లోనే జరిగినట్టుంది.

ఇది మనకొక్కరికే పట్టిన తెగులనుకుని దిగులుపడకండి. 1965లో హాలీవుడ్ వాళ్లు ‘బ్యాటిల్ ఆఫ్ ద బల్జ్’ తీశారు. 1944 చలికాలంలో మంచు అడవుల్లో జరిగిన పోరు అది. తీసింది స్పెయిన్లో. ఆఖరి ట్యాంకుల పోరాటం మంచుచుక్క లేని ఎండు మైదానంలో! జర్మన్ కింగ్ టైగర్లుగా నటించినవి స్పెయిన్ సైన్యం దగ్గరున్న అమెరికా ట్యాంకులు. 1970లో ‘ప్యాటన్’ వచ్చింది. జనరల్ ప్యాటన్ గొప్పతనం మీద తీసిన సినిమా. అందులో జర్మన్ల తరఫున ఆయన మీదికి దండెత్తినవి ఎవరి ట్యాంకులనుకున్నారు? యుద్ధం తర్వాత ఆయన పేరే పెట్టి అమెరికా తయారుచేసిన ప్యాటన్ ట్యాంకులు! ఏడు ఆస్కార్లు వచ్చాయి దానికి. మన ట్రాక్టరు ఏం పాపం చేసింది?

శ్రద్ధ ఉన్నవాళ్లూ లేకపోలేదు. ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’లో కనిపించే టైగర్లు రష్యా టి-34 ట్యాంకుల మీద తొడిగిన తొడుగులే. అయినా ఆ తొడుగు కుట్టినవాడికి పని తెలుసు. 2014లో ‘ఫ్యూరీ’ వాళ్లయితే ఇంగ్లాండులోని బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియం నుంచి అసలు టైగరునే నడిపించుకొచ్చారు. 1943లో ట్యునీషియాలో జర్మన్ల దగ్గర పట్టుకున్న బండి అది. మన దగ్గర కూడా 2017లో ‘ఘాజీ’ వాళ్లు హైదరాబాదులో జలాంతర్గామి సెట్టు వేసి, ఆ ఇరుకులో కెమెరాను, నటుల్ని కుక్కి తీశారు. కథ కల్పన సంగతి అలా ఉంచండి. వాల్వులు, గొట్టాలు, చెమట మాత్రం నమ్మించాయి. విశాఖ బీచిలో 2002 నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియంగా ఉంది. టిక్కెట్టు కొనుక్కుని లోపలికెళ్తే ఎవడికైనా తెలుస్తుంది, అక్కడ మనిషి తల ఎత్తి డైలాగు కొట్టడానికి చోటుండదని. టిక్కెట్టు కొనడానికి మనసుండాలి, అంతే.

అసలు మతి పోగొట్టేది వేరే ఉంది. 2005లో ఆండ్రూ నికోల్ ‘లార్డ్ ఆఫ్ వార్’ తీశాడు. ఆయుధాల దళారీ కథ. గోదాము నిండా తుపాకులు చూపించాలి. డమ్మీలు చేయించాలంటే ఖర్చు లెక్కేశారు. అసలు తుపాకులకూ లెక్కేశారు. అసలువే చవక! మూడువేల అసలు రైఫిళ్లు తెచ్చి పేర్చారు. ఒక సీనులో బారులు తీరిన ట్యాంకులు కనిపిస్తాయి. అవి ఒక చెక్ వ్యాపారివి. త్వరగా కానివ్వండి, లిబియాలో అమ్ముకోవాలి అన్నాడట ఆయన. ఉపగ్రహాల్లో చూసి ఎక్కడో యుద్ధం మొదలైందని నాటో కంగారుపడకుండా ముందే చెప్పి పెట్టుకోవాల్సొచ్చిందనీ దర్శకుడు చెప్పాడు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. మనిషిని చంపే తుపాకీ చవక. చంపనట్టు నటించే తుపాకీ ఖరీదు. మా కృష్ణానగర్ పెద్దాయనకు చెబితే పగలబడి నవ్వాడు. “మరి నాకు గా రేటు ఎందుకిస్తలేరు సార్?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా?

2011లో ఇంకో ముచ్చట. బ్రాడ్ పిట్ ‘వరల్డ్ వార్ జడ్’ షూటింగు కోసం హంగరీకి తెప్పించిన 85 తుపాకుల్ని అక్కడి పోలీసులు పట్టుకున్నారు. కాగితాల మీద పనిచెయ్యనివి. చేతిలోకి తీసుకుంటే పనిచేసేవి. చివరికి ఎవరిమీదా కేసు నిలబడలేదు. నిలబడుతుందని మీరు అనుకున్నారా ఏం?

సరే, డమ్మీ వద్దు, అసలువే కావాలి. ఎవరిస్తారు? సర్కారు ఇస్తుంది. ఊరికే ఇస్తుందా?

అమెరికా రక్షణ శాఖ దగ్గర దీనికోసం ప్రత్యేకంగా ఒక ఆఫీసే ఉంది. ముందు కథ పంపాలి. సైన్యం పరువుకు నచ్చని పేజీలు మార్చాలి. మారిస్తే విమానాలొస్తాయి. ‘టాప్ గన్’ రెండో భాగానికి సూపర్ హార్నెట్ విమానాల అద్దె గంటకు 11,374 డాలర్లని పత్రికల్లో వచ్చింది. అద్దె డబ్బుల్లో కొంత, సిగ్గులో కొంత. అదే సినిమా హీరో జాకెట్టు వీపు మీది తైవాన్ జెండా 2019 ట్రైలరులో మాయమైంది. సినిమాలో చైనా పెట్టుబడి ఉందప్పుడు. ఆ పెట్టుబడి వెనక్కిపోయాక 2022లో జెండా మళ్లీ వచ్చి వీపెక్కింది. జాకెట్టు ఒక్కటే. ఒరిజినాలిటీ మాత్రం ఎవడు చెక్కు రాస్తే వాడి వైపు తిరుగుతుంది. దీనికి తాతలాంటి కథ ‘అపోకలిప్స్ నౌ’ది. పెంటగాన్ సాయం చెయ్యనంటే కొప్పోలా ఫిలిప్పీన్స్ పోయి నియంత మార్కోస్ హెలికాప్టర్లు అద్దెకు తీసుకున్నాడు. షాటు మధ్యలో అవి ఎగిరిపోయేవి. ఎక్కడికి? అసలు తిరుగుబాటుదారుల మీదికి! పొద్దున నటన, మధ్యాహ్నం డ్యూటీ.

మన రక్షణ శాఖ తక్కువ తిన్నదా? 2020 జులైలో సెన్సార్ బోర్డుకు ఉత్తరం రాసింది. సైన్యం కథతో సినిమా గానీ, వెబ్ సిరీస్ గానీ తీస్తే విడుదలకు ముందు మా అభ్యంతరం లేదన్న కాగితం తెచ్చుకోమనండి అని. అదే ఏడాది డిసెంబరులో వైమానిక దళం ఒక ట్రైలరు మీద కన్నెర్ర చేసింది. ‘ఏకే వర్సెస్ ఏకే’లో అనిల్ కపూర్ ఎయిర్‌ఫోర్స్ చొక్కా ప్యాంటులోకి దోపలేదు, పైగా బూతులు మాట్లాడాడు. ఆయన క్షమాపణ చెప్పాడు. 2022లో, సైన్యంలో పనిచేసిన ఒక స్వలింగ సంపర్కుడి జీవితం ఆధారంగా రాసుకున్న స్క్రిప్టుకు రక్షణ శాఖ అనుమతి ఇవ్వలేదు. అబ్బా, ఎంత పట్టింపు! చొక్కా దోపుకోలేదంటే ఢిల్లీ కదులుతుంది. మంచిదే. కదలనివ్వండి.

మరి చొక్కా లోపలున్న మనిషి సంగతి?

2020 ఫిబ్రవరిలో కాగ్ రిపోర్టు పార్లమెంటు ముందుకొచ్చింది. సియాచిన్, లద్దాఖ్ లాంటి ఎత్తుల్లో కాపలా కాసే జవాన్లకు ఏమిస్తున్నారో లెక్క తీసింది. మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం. మళ్లీ చదవండి. తొంభై ఎనిమిది. మంచు మీద ఎండ పడితే కళ్లు మండిపోయే చోట! 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా కొత్త బూట్లు కొనలేదు. పాతవే మళ్లీ మళ్లీ తిప్పి వాడుకున్నారు. ముఖానికి కట్టే మాస్కులు, జాకెట్లు, స్లీపింగు బ్యాగులు పాత రకానివి కొన్నారు. తిండిలో కేలరీలు ఒక్కోచోట 82 శాతం దాకా తగ్గాయంది కాగ్. ఇప్పుడు అంతా మెరుగైందని సైన్యం చెప్పింది. సంతోషం.

ఇటు మన సినిమా చూడండి. మేజరుగారు మంచుకొండ ఎక్కే పాట ఒకటుంటుంది. మంచు కళ్లద్దాలు అయిదు జతలు తెప్పించారు. ఒకటి హీరోకు, ఒకటి డూపుకు, ఒకటి విరిగితే, ఒకటి పోతే, ఒకటి మేనేజరు బావమరిదికి. వీటిలో ఏదీ హీరో కళ్ల మీదికి రాలేదు. నుదుటి మీదే ఉండిపోయింది. కళ్లు కనబడకపోతే అభిమానులు ఒప్పుకోరట. అసలు జవానుకు అద్దాల్లేవు. నకిలీ జవానుకు అద్దాలక్కర్లేదు.

1962 యుద్ధం మీద తీసేవాళ్లకు ఇంకా సులువు. ఆర్ట్ డైరెక్టరు ఏమీ కష్టపడక్కర్లేదు. హిమాలయాల్లో నూలు బట్టలు, కాన్వాసు బూట్లు, పాత 303 రైఫిళ్లు. ఒరిజినల్‌గా తీయాలంటే అవి చాలు. చేతన్ ఆనంద్ 1964లోనే లద్దాఖ్ పోయి ‘హకీకత్’ తీసొచ్చాడు. ఇప్పటి కుర్రాళ్లేమో 62 సైనికుడి చేతికి ఏకే-47 ఇస్తారు. పాపం మంచి ఉద్దేశంతోనే. నెహ్రూ ప్రభుత్వం చెయ్యలేకపోయింది, కనీసం మనమైనా ఇద్దామని! కార్గిల్ నాటికి మాత్రం ఏం వెలగబెట్టారు? ఉన్నదానితోనే పోరాడతామని అప్పటి సైన్యాధిపతి వి.పి. మాలిక్ చెప్పాల్సొచ్చింది. సైన్యాధిపతి నోట ఆ మాట రప్పించినవాళ్లలో ఎవరైనా తలొంచుకున్నారా? ఏటా విజయ దినోత్సవానికి దండలతో వస్తారు, అంతే.

బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ దగ్గర కొంచెం నిలబడదాం. సినిమా జాకెట్‌లో ఉండేది స్పాంజి. దర్జీ వారంలో యాభై కుడతాడు. అసలు జాకెట్లు? సైన్యానికి 1.86 లక్షలు కొనాలని 2009లో అనుకున్నారు. ఒప్పందం మీద సంతకం 2018 ఏప్రిల్లో పడింది. 639 కోట్లు. మధ్యలో తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లలో మన హీరోలు ఎన్నిసార్లు దేశాన్ని కాపాడారో లెక్కేసుకోండి.

2008 నవంబరు 26 రాత్రి ముంబై. రైల్వే స్టేషన్లో పోలీసుల చేతుల్లో లాఠీలు, 303 రైఫిళ్లు. ఎదురుగా ఉగ్రవాదుల చేతుల్లో ఏకే-47లు. ఎన్‌ఎస్‌జీ కమాండోలు ఢిల్లీ దగ్గర సిద్ధం. విమానం చండీగఢ్ నుంచి రావాలి. వచ్చి, ఎక్కి, దిగేసరికి తెల్లారింది. విమానాశ్రయం నుంచి బస్సుల్లో పోయారు. పోలీసు అధికారి హేమంత్ కర్కరే ఆ రాత్రి చనిపోయారు. ఆయన ఒంటి మీది జాకెట్ ఏమైందని భార్య సమాచార హక్కు కింద అడగాల్సొచ్చింది. ఆసుపత్రి చెత్తలో పారేశారని తర్వాత బయటపడింది. ఒక హీరో తొడుక్కున్న సినిమా చొక్కాను వేలానికి పెట్టి కాపాడుకున్న దేశం ఇది. ఒక అధికారి ప్రాణం పోయిన జాకెట్‌ను చీపురుతో ఊడ్చేసింది.

నవ్వొస్తోందా? నాకూ రావట్లేదు. కాసేపు సెట్టు మీదికి పోదాం.

తుపాకుల సీనులో రెండు రకాల తూటాలుంటాయి. ఒకటి డమ్మీ. ముందు గుండు ఉంటుంది, లోపల మందుండదు. చూపించడానికి. రెండోది ఖాళీ తూటా. లోపల మందుంటుంది, ముందు గుండు ఉండదు. మెరుపుకీ మోతకీ. రెంటినీ తెలియనివాడు కలిపాడా, అయిపోయింది. 1993లో బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ అలాగే పోయాడు. డమ్మీ గుండు గొట్టంలో ఇరుక్కుంది. ఎవరూ చూడలేదు. తర్వాత ఖాళీ తూటా పేలిస్తే దాని మంట ఇరుక్కున్న గుండును తోసింది. 2021 అక్టోబరులో న్యూ మెక్సికోలో ‘రస్ట్’ సెట్టు మీద కెమెరా నడిపే హలీనా హచిన్స్ చనిపోయింది. ఆ గుండు డమ్మీ కూడా కాదు, అసలుదే. తుపాకుల బాధ్యత చూసే అమ్మాయికే ప్రాపర్టీ పని కూడా అంటగట్టారు. ఒక జీతం మిగులుతుందిగా! పరిస్థితులు బాలేవని కెమెరా సిబ్బంది కొందరు ఆ పొద్దునే వెళ్లిపోయారు. చివరికి జైలుకు పోయింది ఎవరు? తుపాకులు చూసే అమ్మాయి. పద్దెనిమిది నెలలు. జీతం మిగుల్చుకున్నవాళ్లు?

మరి మన సెట్టు మీద ఎవరిది బాధ్యత? అడిగాను. ఫైట్ మాస్టరు అసిస్టెంటు ఆర్ట్ డిపార్ట్‌మెంటు అన్నాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంటు కుర్రాడు ప్రొడక్షన్ అన్నాడు. ప్రొడక్షన్ మేనేజరు సెల్లు చూస్తూ, “అవి ఉత్త బొమ్మలండీ, దేవుడున్నాడు” అన్నాడు. దేవుడికి కాల్షీటు ఎవరిచ్చారో తెలీదు. పక్కన బాంబు పేలాల్సిన గుంతలో ఒక కుర్రాడు మందు దట్టిస్తున్నాడు. కాళ్లకు హవాయి చెప్పులు. నోట్లో బీడీ. వెలిగించలేదు లెండి. జాగ్రత్త అంటే అదే.

మొన్న మళ్లీ ఆ షూటింగు చూడబోయాను. ఊరి బయట క్వారీలో సరిహద్దు వేశారు. పొద్దున షాట్లు మనవాళ్లవి. ఇరవైమంది జూనియర్ ఆర్టిస్టులు మన యూనిఫాంలో, మా పెద్దాయన షెడ్డు నుంచి వచ్చిన రబ్బరు రైఫిళ్లతో గుట్టెక్కారు. హీరో తప్ప అందరూ కూలారు. భోజనాలయ్యాయి. కాస్ట్యూమ్ అసిస్టెంటు మూట విప్పాడు. ఖాకీ చొక్కాలు. అదే ఇరవైమంది, అవే రైఫిళ్లు. ఒక్కో దానికి చిన్న ఆకుపచ్చ గుడ్డ కట్టారు. ఇప్పుడు వీళ్లు పాకిస్తాన్ సైన్యం. గుట్ట పైనుంచి మేజరుగారు గడ్డం దువ్వుకుని కాల్చాడు. రైఫిల్ బరువుకు చెయ్యి వంగలేదు. ఇనుప సీకు పీకేశారుగా. ఇరవైమందీ మళ్లీ కూలారు. పొద్దున పడ్డచోటే పడ్డారు. అక్కడైతే రాళ్లు ఏరేశారు కాబట్టి.

పేకప్ చెప్పారు. మేజరుగారు కారవాన్‌లోకి పోయాడు. ట్రాక్టరు ట్యాంకు చప్పుడు చేసుకుంటూ ఊరివైపు పోయింది. దాన్ని రేపు పొద్దున నాట్లకు పంపాలట. చచ్చినవాళ్లలో ఒకాయన లేచి మోకాలికంటిన మట్టి దులుపుకుంటున్నాడు. యాభై ఏళ్లుంటాయి. మోచెయ్యి గీరుకుపోయి రక్తం వస్తోంది. ఆ రక్తం మాత్రం ఒరిజినల్. రబ్బరు రైఫిల్ని లెక్క ప్రకారం బుట్టలో పెట్టి, మేనేజరు ముందు వరుసలో నిలబడ్డాడు.

ఎలా జరిగింది అన్నా అని పలకరించాను.

“ఏం చెప్పాలె సార్. రెండు దేశాలకూ చచ్చిన. బేటా మాత్రం ఒక్కటే ఇస్తున్రు.”